సైన్సు గదిని పంచిన వారం

ప్రయోగశాలల్లో కొత్తగా చేరుతున్న పిల్లలకు ఈ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ చెప్పకపోవడానికి కారణం సిగ్గు. ఇప్పుడు నేను సంజాయిషీ ఇచ్చుకోవలసిన పెద్దలెవరూ మిగల్లేదు. సిగ్గు కూడా వయసుతో పాటు కొంచెం అరిగింది. అందుకని చెబుతున్నాను.

నేను బళ్ళారి కంటోన్మెంటులో ఒక మిషను కాలేజీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటరుగా పనిచేసేదాన్ని. లెక్చరర్లు పాఠం చెప్పి వెళ్ళాక పిల్లల చేత ప్రయోగాలు చేయించడం, స్టోరు రిజిస్టరు రాయడం నా పని. సైన్సు వైపు ఆడమనిషిని నేనొక్కదాన్నే. తప్పు చేస్తే "ఆడవాళ్ళకు ల్యాబు ఇస్తే ఇంతే" అంటారన్న భయం నాకు చేరిన రోజు నుంచీ ఉండేది. ఈ కథలో జరిగిన సగం అనర్థానికి ఆ భయమే మూలం.

ఇంటర్మీడియట్ పోయి పి.యు.సి., ఆ పైన మూడేళ్ళ డిగ్రీ వచ్చిన రోజులవి. మా ప్రిన్సిపాల్‌గారు గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి, పాదిరిగారి కొడుకు. సెలవులు అయిపోగానే స్టాఫు మీటింగు పెట్టి, బోర్డు మీద సుద్దముక్కతో రెండు నిలువు గీతలు గీశారు. ఒక గడిలో భాషలు: ఇంగ్లీషు, కన్నడం, తెలుగు, ఉర్దూ, సంస్కృతం. రెండో గడిలో చరిత్ర, అర్థశాస్త్రం, తర్కం. మూడో గడిలో సైన్సు. అంతవరకూ మాకు సైన్సంటే ఒకటే పెద్ద గది, ఒకటే రిజిస్టరు. డిగ్రీ కావాలంటే ప్రతి శాఖకూ వేరే గది, వేరే హెడ్డు, వేరే బీరువా ఉండి తీరాలని విశ్వవిద్యాలయం వాళ్ళు రాశారట. కాబట్టి కెమిస్ట్రీ కొత్త కట్టడంలోకి వెళ్ళాలి. పాత గదిని రెండుగా చేసి జువాలజీకి, బాటనీకి.

ప్రిన్సిపాల్‌గారు గీసిన గీతలు బోర్డు మీద తిన్నగానే వచ్చాయి. గదిలో గీయబోయేసరికి తంటా వచ్చింది. ఒక్కొక్క సీసా దగ్గరా ఇద్దరు హెడ్లూ నిలబడి వాదించుకున్నారు. స్పిరిటు ఎవరిది? ఫార్మలిన్ ఎవరిది? అన్నిటికన్నా పెద్ద రగడ పొటాషియం సయనైడ్ సీసా దగ్గర. పురుగుల నమూనాలు చంపి దాచుకోవడానికి తెప్పించింది కాబట్టి తమదే అని జువాలజీ ఆయన. రసాయనం కాబట్టి తమదే అని మా కెమిస్ట్రీ హెడ్డు. చివరికి మా హెడ్డే నెగ్గాడు. విప్పని సీసా, మూత మీద మైనం ముద్ర చెక్కుచెదరలేదు. నేను రిజిస్టరులో దాన్ని కెమిస్ట్రీ కిందకు మార్చి రాశాను.

సర్దడానికి మూడు రోజులు పట్టింది. వరిగడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో సీసాలు పెట్టి, అటెండరు పెద్దాయన ఒకటొకటిగా కొత్త కట్టడానికి మోసుకెళ్ళేవాడు. అక్కడ విప్పుతుంటే నేను పేరు చదివి, చూసి, రిజిస్టరులో టిక్కు పెట్టాలి. మొదటి రెండు రోజులూ అట్లాగే చేశాను. మూడో రోజు సాయంత్రానికి నడుము పడిపోయింది. మిగిలిన పేజీన్నరకు చూడకుండానే వరసగా టిక్కులు పెట్టి కింద సంతకం చేశాను.

ఆ మూడు రోజుల్లోనే పి.యు.సి. పిల్లలకు గ్రూపుల పంపకం కూడా జరిగింది. ఆడపిల్లల దరఖాస్తులు తీసుకునే బల్ల దగ్గర పొద్దున పూట నన్ను కూర్చోబెట్టారు. నాచురల్ సైన్సు గ్రూపుకు ల్యాబులో పదహారు మందికే చోటు. మార్కుల వరసలో పదహారో పేరు కింద గీత గీశాం. ఆ గీతకు సరిగ్గా కింద ఉన్న పేరు సిరిగేరి నుంచి వచ్చిన ఒక అమ్మాయిది. తండ్రి వెంట వచ్చాడు. తుంగభద్ర కాలువ నీళ్ళు కొత్తగా పారుతున్న రోజులు, వరి వేస్తున్న రైతు. ఆయనకు గ్రూపుల పట్టింపు లేదు.

"ఏ గ్రూపైతే యేందమ్మా, సీటు సిక్కింది గదా, సాలు," అన్నాడు.

ఆ పిల్లకు ఉంది. మధ్యాహ్నం ఒక్కతే ల్యాబు వెతుక్కుంటూ వచ్చి, పెట్టెల మధ్య నిలబడింది.

"మేడం, హిస్టరీ గ్రూపు సదివితే డాక్టరు కాలేనా?"

"కాలేవమ్మా."

"ఒక స్టూలు యెక్కువేస్తే సరిపోదా? స్టూలు కూడా వొద్దు. నిలబడుకొనే జేస్తా."

"స్టూలు సంగతి కాదమ్మా. సింకులు, బర్నర్లు లెక్క ప్రకారం ఉన్నాయి."

"ఎనిమిదో క్లాసు నుంచి అనుకుంటాండా మేడం. ఈడ సీటు లేదంటే నేను బతికి యేం జేయల్ల?"

నేను రిజిస్టరులోంచి తలెత్తకుండానే, "అట్లా అనకూడదు. హిస్టరీ కూడా మంచిదే," అన్నాను. ఆ పిల్ల ఇంకా కొంతసేపు విప్పిన పెట్టెలకేసి చూస్తూ నిలబడింది. ఎప్పుడు వెళ్ళిపోయిందో నేను చూడలేదు.

మరుసటి సోమవారం విషపదార్థాలు పెట్టడానికి ఇనప బీరువా వచ్చింది. జాబితా చేత్తో పట్టుకుని ఒక్కొక్కటే లోపల పెడుతున్నాను. సయనైడ్ దగ్గరికి వచ్చేసరికి సీసా లేదు. ఇంకో అరలో ఉందేమో చూశాను. లేదు. యాసిడ్ల వెనక, సింకు కింద, తూకం పెట్టెలో కూడా చూశాను. నా సంతకం ఉంది గాని సీసా లేదు.

అప్పుడే మా హెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. మైసూరు వైపు మనిషి. పని దగ్గర నిప్పు. "ఎల్లా సరియాగి ఇదెయా?" అన్నాడు, అన్నీ సరిగ్గా ఉన్నాయా అని.

"ఉన్నాయండి," అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. నేను బీరువా తాళం వేసి, ఆ తాళంచెవి పిడికిట్లో పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను. లేని సీసాకు కాపలా మొదలయింది.

ఆ మధ్యాహ్నమే హిస్టరీ గ్రూపు హాజరుపట్టీ చూశాను. సిరిగేరి అమ్మాయి పేరు ఎదురుగా మొదటి రోజు నుంచీ సున్నాలు. బతికి యేం జేయల్ల, అన్న మాట అప్పుడు వినబడింది నాకు. ఆ రోజు నా ఎదురుగా నిలబడి అన్నప్పుడు నిజంగా వినలేదు.

ఇక ఆ వారం ఎట్లా గడిచిందో చెప్పలేను. కౌల్‌బజారులో నా అద్దె గదికి ఎదురుగా పేపరు పంచే ఇల్లు ఉండేది. అంతకుముందు ఏనాడూ పేపరు పట్టనిదాన్ని, పొద్దున్నే వెళ్ళి నిలబడే చదివేదాన్ని. సిరిగేరి పేరు కనబడుతుందేమోనని పైనుంచి కిందకు చూసి, కనబడకపోతే ఊపిరి వదిలేదాన్ని. చర్చిలో ఎవరైనా చనిపోతే గంట నిదానంగా, ఆగి ఆగి కొడతారు. బుధవారం నాడు అట్లా కొట్టారు. నా చేతిలో ఉన్న పరీక్షనాళిక సింకులో పడి పగిలింది. పోయింది ఎవరో ముసలాయన, పాత పోస్టుమాస్టరట. "అమ్మయ్య" అనుకున్నాను. ఒక మనిషి చావు విని అట్లా అనుకోవడం నా జీవితంలో అదొక్కసారే.

చెప్పేస్తే సరిపోయేది కదా అంటారు మీరు. నిజమే. రోజూ పొద్దున చాపెల్లో ప్రార్థన అయ్యాక ప్రిన్సిపాల్‌గారి గది దాకా నడిచేదాన్ని. గుమ్మం కనబడగానే నా కాళ్ళు ల్యాబు వైపు తిరిగేవి. సోమవారమే ఎందుకు చెప్పలేదు అంటే ఏం చెప్పను? మంగళవారం చెబుదామంటే సోమవారం అబద్ధం అడ్డం. బుధవారం చెబుదామంటే రెండు రోజుల దాపరికం అడ్డం. ఆలస్యం చేసిన కొద్దీ తప్పు పెరిగింది.

ఆదివారం పొద్దున సిరిగేరి బస్సెక్కాను. దారి పొడుగునా రేగడి చేలు, తరవాత కాలువ, తరవాత పచ్చటి నారుమళ్ళు. నాకు అవేవీ పట్టలేదు. బస్సు దిగి ఇల్లు అడిగితే ఎవరో చెయ్యి చూపించారు. ఆ ఇంటి ముందు జనం. పాతిక మంది ఆడవాళ్ళు గుంపుగా నిలబడి గట్టిగా మాట్లాడుతున్నారు. ఒకావిడ చేత్తో నుదురు కొట్టుకుంటోంది. వీధిలో ఉన్న రాతిబండ మీద కూర్చున్నాను.

"యేమైందమ్మా ఆడ?" అని దారిన పోతున్న ముసలామెను అడిగాను.

"యేమయితాది? నాట్లకు వచ్చినారు. ముందు యా మడి నాటల్లనో తేలక కొట్లాడుకుంటాండారు," అంది ఆమె.

అప్పుడే ఆ అమ్మాయి ఇంట్లోంచి బయటికి వచ్చింది. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, తలకు గుడ్డ చుట్టి ఉంది. నన్ను చూసి ముఖం వెలిగింది. "మేడం! సీటు వచ్చిందా?" అంది.

బతికే ఉంది. నాకు ఆ సంతోషం చాలి ఉండవలసింది. ఆ పిల్లను చూసి, నీళ్ళు తాగి, తిరుగు బస్సెక్కి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కాని సీసా ఇంకా దొరకలేదు. ఆ పిల్ల దగ్గరే ఎక్కడో ఉందని నా మనసు అప్పటికే తీర్పు చెప్పేసింది. గడ్డివామి పక్కకు తీసుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, నేనెవరితోనూ చెప్పను. ఆ రోజు ల్యాబులో నుంచి ఏమైనా తీసుకున్నావా? చిన్న సీసా. అది విషం. నాకిచ్చెయ్."

ఆ పిల్ల చెయ్యి లాక్కుంది.

"విషమా? నేనెందుకు దెస్తా మేడం?"

"బతికి ఏం చేయాలి అన్నావు కదా."

"మాటకంటారు గదా యెవురైనా! అంతమాత్రానికే..."

"మరి ఆ రోజు నుంచీ కాలేజీకి ఎందుకు రావడం లేదు?"

"నాట్లు అయ్యేదాకా రానని లీవు లెటరిచ్చి వచ్చినా గదా. హిస్టరీ సారును అడగండి!"

అడగలేదు నేను. వారం రోజులు పేపర్లన్నీ చదివాను గాని, పక్క వరండాలో ఉన్న హిస్టరీ లెక్చరరును ఒక్క మాట అడగలేదు. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటాడని భయం.

గొంతులు పెరిగాయి కాబోలు, తండ్రి వచ్చాడు. ఆయన వెనక నాట్లకు వచ్చిన ఆడవాళ్ళందరూ.

"యేందమ్మా, మా పాపను దొంగంటాండావా?"

"అట్లా కాదప్పా, ఒక సీసా కనబడక..."

"కనపడకపోతే మా ఇంటికి వస్తివా? ఆడ యింకెవురూ లేరా? గీత కింద పడిందని సీటు ఇయ్యకపోతిరి, సరే అంటిమి. ఇబ్బుడు యింతమంది కండ్ల ముందర విషం దొంగతనం జేసిందంటావా?" ఆయన అరవలేదు. నిదానంగా అన్నాడు. అది మరీ భయంగా ఉండింది. "సాలమ్మా. మా పాప యింక కాలేజీకి రాదు. నువ్వు పో."

ఆ పిల్ల నన్ను చూడలేదు. గుమ్మం పక్కన ఉన్న నారుకట్ట ఎత్తుకుని మడి వైపు నడిచింది.

సోమవారం ప్రార్థనకు కూడా వెళ్ళకుండా ప్రిన్సిపాల్‌గారి గది ముందు నిలబడ్డాను. ఆయన రాగానే నిలబడే అంతా చెప్పాను: చూడని టిక్కులు, సంతకం, హెడ్డుతో అబద్ధం, సిరిగేరి. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎవరెవర్ని అడిగావమ్మా?"

"ఆ అమ్మాయిని."

"ఇంకెవర్ని?"

"ఎవర్నీ అడగలేదండి."

"పెట్టెలు మోసినతన్ని?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన గంట కొట్టి అటెండరు పెద్దాయనను పిలిపించారు. రెండు ప్రశ్నలు అడిగారేమో, అంతే.

"సీసాలన్నీ బయటికి తీస్తిమి గదా సార్. పెట్టెలు మనవి కాదు, హాస్టలువి. సామాన్లు దెచ్చుకునే పెట్టెలు. అడిగి దెస్తిమి. గడ్డితో కూడా వాపసు యిచ్చేస్తిమి."

"గడ్డి దులిపి చూశావా?"

"లేదు సార్. మేడం టిక్కులు పెట్టేసినారు గదా, అయిపోయిందనుకుంటి."

ప్రిన్సిపాల్‌గారు లేచారు. ఆయన పరుగెత్తగా ఆ రోజే చూశాను, మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. అరవై దగ్గరపడిన మనిషి, పంచె కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, మైదానానికి అడ్డం పడి హాస్టలు వైపు పరుగు. ఆయన వెనక నేను, నా వెనక పెద్దాయన. వారం నుంచీ వానలు. కాళ్ళ కింద ఎర్రటి బురద జారుతోంది.

వంటశాలలో వంటాయన బియ్యం కడుగుతున్నాడు. పొయ్యి పైన ఉప్పు డబ్బీ, చింతపండు కుండ, వాటి పక్కన మా సీసా. తడికి చీటీ ఊడిపోయి ఉంది. లోపల తెల్లటి గడ్డలు.

"అది... ఆ సీసా ఎక్కడిది?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"గడ్డిలో ఉండె సార్. కాలేజీదేమో, యెవురైనా వచ్చి అడుగుతారని యెత్తిపెట్టినా. యెవురూ రాలే." వంటాయన చేతులు తుడుచుకుని సీసా దించాడు. "పటిక గదా సార్ ఇది? బావి నీళ్ళు నిన్నట్నుంచి ఎర్రగా వస్తాండాయి. మా పటిక అయిపోయింది. నిన్న యిది తీద్దామని చూస్తి, మూత రాలే. మైనం పూసుండారు. ఈ పొద్దు సుత్తితో కొట్టి..."

ఆయన మాట పూర్తి కాకముందే ప్రిన్సిపాల్‌గారు సీసా అందుకున్నారు. ముద్ర చెదరలేదు. పక్కన నీళ్ళ బాన నిండుగా ఉంది. అది తాగే నీళ్ళ బాన. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ప్రిన్సిపాల్‌గారు సీసా ఒళ్ళో పెట్టుకుని వంటశాల మెట్టు మీద కూర్చున్నారు.

"తెలిసిన రోజే ఒక్క మాట అడిగి ఉంటే, అతనే తెచ్చి ఇచ్చేవాడమ్మా," అన్నారు. అంతకు మించి నన్నేమీ అనలేదు.

వంటాయనకు అది ఏమిటో పెద్దాయన చెప్పాడు. వంటాయన బానలో నీళ్ళన్నీ పారబోసి, అది చాలదన్నట్టు బానను కూడా బయటికి తీసుకెళ్ళి పగలగొట్టాడు. సీసా విప్పనే లేదు, బానకేమీ కాలేదని ఎంత చెప్పినా వినలేదు.

రెండు వారాల క్రితం ఆ సీసా నాదంటే నాదన్న హెడ్లిద్దరూ ఆ సాయంత్రం మీదంటే మీదన్నారు. చివరికి దాన్ని ఏ శాఖ రిజిస్టరులోనూ ఉంచకుండా, తెచ్చిన కంపెనీకే తిప్పి పంపించారు. నా ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. మా హెడ్డు మాత్రం ఆ తరవాత ఏడాది పాటు నేను టిక్కు పెట్టిన ప్రతి గీతనూ మళ్ళీ తనే చూసేవాడు. నేను బాధపడలేదు.

సిరిగేరికి మళ్ళీ వెళ్ళవలసింది నేనే. ఉత్తరం రాసివ్వమని ప్రిన్సిపాల్‌గారిని అడిగాను. "నోటితో అన్నావు కదా, నోటితోనే చెప్పు," అన్నారు. మొదటిసారి కన్నా ఈసారి ప్రయాణం ఎక్కువ భయపెట్టింది. ఇంటి దగ్గర ఎవరూ లేరు, అందరూ మడిలో ఉన్నారు. గట్టు మీద నిలబడి, ఆ పిల్లను పక్కకు పిలవకుండా, నాట్లేస్తున్న వాళ్ళందరికీ వినబడేటట్టు చెప్పాను. సీసా దొరికిందని, తప్పు నాదని, ఈ అమ్మాయి ఏమీ తీయలేదని, తీసిందని అనడం నేను చేసిన పాపమని. ఆడవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే తలలెత్తి చూశారు.

తండ్రి బురదలోంచి పైకి వచ్చాడు. కాలువ నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాడు.

"యెండ తగుల్తాండాది. ఇంటికి పో, మజ్జిగ తాగుదువు," అన్నాడు చివరికి. "పాపను అడుగు. వస్తానంటే నేను అడ్డం జెప్పను."

పాపను అడిగాను. "నాట్లు కానీండి," అంది, నడుమెత్తకుండానే.

నాట్లయిన మరుసటి సోమవారం కాలేజీకి వచ్చింది. హిస్టరీ గ్రూపులో, కిటికీ పక్క బెంచీలో కూర్చునేది. ల్యాబు వరండా మీదుగా దగ్గరి దారి అయినా, మైదానం చుట్టి వెళ్ళేది. ఎదురుపడితే నమస్కారం పెట్టేది. అంతే.

ఇంకో నెలకు నాచురల్ సైన్సు గ్రూపులో ఒకబ్బాయి తండ్రికి బదిలీ అయి టి.సి. తీసుకుని వెళ్ళిపోయాడు. పదహారో బల్ల ఖాళీ. ప్రిన్సిపాల్‌గారు నన్ను పిలిచి, ఆ అమ్మాయికి నువ్వే చెప్పిరా అన్నారు. ఆ వారాలన్నిటిలోనూ అది మొదటి మంచి మాట. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. తర్కం క్లాసు మొదలు కాబోతోంది. గుమ్మం దగ్గరికి పిలిచి, సీటు వచ్చిందమ్మా, రేపటి నుంచి ల్యాబుకు రా అన్నాను.

ఆ పిల్ల పుస్తకం గుండెకు ఆనించుకుని కాసేపు నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే నాకు సులువుగా ఉండేది.

"వొద్దు మేడం. ఈడ బాగుండాది," అంది. "అనుమానానికీ రుజువుకూ తేడా యేందో ఈ గ్రూపులో నేను యిన్న మొదటి పాఠంలోనే చెప్పినారు."

లెక్చరరు వస్తుంటే పక్కకు తప్పుకుని దారిచ్చింది. నాకు నమస్కారం పెట్టి, లోపలికి వెళ్ళి తన చోట కూర్చుంది.